సెంటర్లో హోర్డింగ్ అద్దెకు తీసుకోవాలంటే: చోటు చూడటం నుంచి ఫ్లెక్సీ దించేదాకా

అమలాపురంలో నాకు ఫర్నిచర్ షాపు ఉంది. షాపు పెట్టిన మొదటి ఏడాదే ఊళ్లోకి వచ్చే రోడ్డు మీద ఒక హోర్డింగ్ ఆరు నెలలకు తీసుకున్నాను. ఏజెన్సీ కుర్రాడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. నీలాకాశం, పెద్ద బోర్డు, దరిదాపుల్లో ఏ అడ్డూ లేదు. రేటు బేరమాడి అడ్వాన్స్ పంపేశాను. ఫ్లెక్సీ కట్టిన నెలకి అటుగా వెళ్తూ తలెత్తి చూస్తే మా షాపు పేరులో సగం కనపడలేదు. పక్కనున్న నిద్రగన్నేరు కొమ్మలు బోర్డు మీదికి వచ్చేశాయి. ఫోటో తీసిన నాటికి కరెంటు వాళ్లు తీగలకు తగులుతున్నాయని కొమ్మలు కొట్టి ఉన్నారు. తొలకరి పడ్డాక చెట్టు మళ్లీ గుబురెక్కింది.

ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న పెద్దాయన్ని అడిగాను. "ఆయ్, ఏటా ఇంతేనండి బాబూ. వానలు పడ్డాయంటే చెట్టు కమ్మేస్తాది. ఒకసారి తీసుకున్నోళ్లు మళ్లీ తీసుకోరండి" అన్నాడు. అడ్వాన్స్ కట్టే ముందే అక్కడ ఒక టీ తాగి ఉంటే ఆరు నెలల అద్దె మిగిలేది.

అప్పటి నుంచి ఒకటే పట్టుకున్నాను. నేను స్వయంగా వెళ్లి నిలబడి చూడని బోర్డుకి రూపాయి కట్టను. కింద రాసినదంతా అలా నిలబడి, అడిగి, లెక్కవేసి నేర్చుకున్నదే. మన గోదావరి డెల్టా ఊళ్లలో చిన్న షాపు, క్లినిక్, కోచింగ్ సెంటర్, వెంచర్ ఏది నడుపుతున్నా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

1. ఎవరు చూడాలో ముందు తేల్చుకోండి

ఏజెన్సీకి ఫోన్ చేసి "ఎక్కడ ఖాళీ ఉంది?" అని అడగడంతో మొదలుపెడితే వాళ్ల దగ్గర ఖాళీగా మిగిలినదే మీకు వస్తుంది. ముందు మీ షాపులో గత రెండు మూడు నెలల బిల్లులు తీసి, కొన్నవాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారో చూడండి. నేను అలా చూసినప్పుడు మా ఖాతాదారుల్లో ఎక్కువమంది ముమ్మిడివరం వైపు నుంచి వస్తున్నారని తెలిసింది. నేనేమో రావులపాలెం రోడ్డు మీద బోర్డు కోసం వెతుకుతున్నాను.

డెల్టాలో ఊళ్లు కాలువల వెంట పెరిగాయి. అందుకే ఇక్కడ రద్దీ సెంటర్ అంటే చాలాచోట్ల ఒక వంతెనో, దాని మొదలో అయి ఉంటుంది. అమలాపురంలో నల్ల వంతెన, ఎర్ర వంతెన, కాకినాడలో జగన్నాథపురం వంతెన చూడండి. కాలువ అవతలి ఊళ్ల జనమంతా ఆ ఒక్క సందులోంచే రావాలి. వేరే దారి లేదు కాబట్టి బండి నెమ్మదిస్తుంది, మనిషి తలెత్తుతాడు. హోర్డింగ్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఒక్కో దారి ఒక్కో రకం జనాన్ని తెస్తుంది. రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. అరటి మార్కెట్‌కి వచ్చే రైతులు, లారీల వాళ్లు, హైదరాబాద్ నుంచి సొంతూరికి వచ్చే కుటుంబాలు అక్కడ కనిపిస్తారు. భీమవరంలో చెరువుల రైతులు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కువ. 216 నంబరు జాతీయ రహదారి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా పోతుంది కాబట్టి దాని మీద దూరప్రయాణం బళ్లు చాలా ఉంటాయి. ఆ బళ్లు మీ ఊళ్లో ఆగవు. పళ్ల డాక్టరుకి ఆ రద్దీతో పని లేదు, హోటల్ వాళ్లకు ఉంది.

ఊళ్లోకి వచ్చే వైపా, ఊరు దాటి పోయే వైపా అన్నది కూడా ముఖ్యమే. బట్టల షాపు, ఆసుపత్రి, బంగారం షాపు అయితే లోపలికి వచ్చేవాళ్లకు ఎదురుగా ఉండాలి. బజారు పని ముగించుకుని వెళ్లిపోతున్నవాడు మీ బోర్డు చూసి బండి వెనక్కి తిప్పడు.

2. కాలం చూసి బుక్ చేయండి

మన దగ్గర చేతిలో డబ్బు ఆడే రోజులు వేరుగా ఉంటాయి. సార్వా (వానాకాలం పంట) ధాన్యం, దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులు చేతికొచ్చే నెలలు, సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు, శ్రావణం. సంక్రాంతికైతే గల్ఫ్ నుంచి, బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి పిల్లలంతా దిగుతారు. జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు, అంతర్వేది రథోత్సవం ఆ దగ్గర రోజుల్లోనే వస్తాయి. ఆ నాలుగు వారాలకు బోర్డు కావాలంటే కార్తీకమాసంలోనే ఖాయం చేసుకోవాలి. డిసెంబరు ఆఖర్లో అడిగితే చెట్టు చాటు బోర్డులే మిగులుతాయి.

రాజమహేంద్రవరం, కొవ్వూరు వైపు వ్యాపారం ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు వెళ్లే దారుల్లో మంచి బోర్డులున్నవాళ్లు ఆ నెలలకు వేరే రేటు చెబుతారు. ఇప్పుడు ఏడాదికి ఒప్పందం రాసుకునేవాళ్లు పుష్కరాల నెలలు అందులో ఉన్నాయో లేవో తేదీలతో రాయించుకోండి.

3. సెంటర్లో నిలబడండి

అన్నింటికంటే ముఖ్యమైన పని ఇదే. డబ్బు ఖర్చు లేదు, ఒక రోజు పడుతుంది.

బోర్డు దగ్గరికి మూడుసార్లు వెళ్లండి. ఉదయం స్కూలు బస్సులు తిరిగే వేళ, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో, రాత్రి ఎనిమిదికి. ప్రతిసారీ పావుగంట నిలబడి, బోర్డు ముఖం కనపడే వైపు నుంచి వచ్చే బళ్లే లెక్కపెట్టండి. టూ వీలర్లు, ఆటోలు, కార్లు, బస్సులు విడివిడిగా కాగితం మీద గీతలు పెట్టుకోండి. నాలుగుతో గుణిస్తే గంట లెక్క వస్తుంది. రోజుకి లక్షమంది చూస్తారని ఏజెన్సీ చెప్పినప్పుడు ఈ కాగితం మీ చేతిలో ఉంటే మాట వేరేగా నడుస్తుంది.

తర్వాత అదే రోడ్డు మీద మీరే బండి నడుపుకుంటూ రండి. బోర్డు మొదటిసారి ఎక్కడ కనపడింది, ఎక్కడ మాయమైంది? ఆ రెండు చోట్ల మధ్య దూరం అడుగులేసి కొలవండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 200 అడుగులు దాటడానికి ఏడు సెకన్లు పడుతుంది. హైవే మీద 60తో పోతే మూడున్నర సెకన్లే. మీరు నెల అద్దె కట్టి కొనేది ఆ సెకన్లనే. అందుకే హైవే మీద నలభై అడుగుల బోర్డు కంటే, బళ్లు నత్తలా కదిలే వంతెన మొదట్లో ఇరవై అడుగుల బోర్డు ఎక్కువ పని చేయొచ్చు. రైల్వే గేటు దగ్గర బోర్డుకి మంచి రేటు పలికేది కూడా ఇందుకే. గేటు పడితే అయిదు నిమిషాలు జనానికి వేరే చూసేదేమీ ఉండదు. అయితే అక్కడ ఓవర్ బ్రిడ్జి పని మొదలవుతుందేమో కనుక్కోండి. బ్రిడ్జి వచ్చిందంటే బోర్డు కిందే ఉండిపోతుంది, బళ్లు పైనుంచి పోతాయి.

నిలబడ్డప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఎండ ఎటు నుంచి పడుతోంది? సాయంత్రం పడమరకు వెళ్లేవాళ్లకు కళ్లలో సూర్యుడు ఉంటాడు. వాళ్లకు ఎదురుగా తూర్పు ముఖంగా ఉన్న బోర్డు నల్లటి పలకలా కనిపిస్తుంది. సాయంత్రం రద్దీ మీద ఆధారపడ్డ వ్యాపారమైతే ఆ బోర్డు వద్దు. చెట్లు ఏవి? కొబ్బరి, తాడి అయితే ఎత్తు పెరుగుతాయి తప్ప పక్కకు పాకవు. రావి, నిద్రగన్నేరు, బాదం అయితే వానాకాలం ఎలా ఉంటాయో ఊహించుకోండి. పక్కన పిల్లర్లు లేస్తున్న ఇల్లుందా? మూడో అంతస్తు వేస్తే మీ బోర్డు గతేమిటి? బస్సు ఆగే చోటైతే, ఆగిన బస్సు బోర్డుని పూర్తిగా మూసేస్తోందా?

ఆఖర్న టీ కొట్టులోనో, కిళ్లీ కొట్టులోనో కూర్చోండి. "బాబాయ్, ఈ బోర్డు ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉందండీ? ఇంతకుముందు ఎవరిది ఉండేది? రాత్రిళ్లు లైట్లు వెలుగుతాయా?" అని అడగండి. అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా ఉండే మనిషికి తెలిసినంత ఏజెన్సీ మేనేజరుకి కూడా తెలియదు. పాత ప్రకటనదారుడి పేరు తెలిస్తే ఆయనకే ఫోన్ చేసి ఎందుకు వదిలేశారో అడగండి. నేను అడిగిన ప్రతిసారీ వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు.

4. ఆ చోటు ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు?

సెంటర్లో కనిపించే బోర్డులన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని ప్రైవేటు మేడల మీద, ఖాళీ స్థలాల్లో ఉంటాయి. అక్కడ స్థలం యజమానికి ఏజెన్సీ అద్దె కడుతుంది, మునిసిపాలిటీ నుంచి లైసెన్సు తెచ్చుకుంటుంది. కొన్ని మునిసిపాలిటీ టెండరు పాడిన చోట్లు. బస్టాండు ఆవరణలో ఉన్నవి ఆర్టీసీవి, స్టేషన్ ఆవరణలోవి రైల్వేవి. కాలువ గట్టు మీద ఉన్నది జలవనరుల శాఖ స్థలంలో ఉన్నట్టు లెక్క. రోడ్డు మార్జిన్ రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)దో, జాతీయ రహదారుల వాళ్లదో అవుతుంది. మన దగ్గర వంతెన సెంటర్లలో ఈ మూడు నాలుగు శాఖల స్థలాలు పదడుగుల తేడాలో కలిసి ఉంటాయి. మునిసిపాలిటీ కాగితం చూపించి గట్టు మీద నిలబెట్టిన బోర్డుని రేపు ఇంకో శాఖ వచ్చి పీకేయొచ్చు.

కాబట్టి ఏజెన్సీని ఈ నాలుగు కాగితాలు అడగండి: స్థలం యజమానితో ఒప్పందం, స్థానిక సంస్థ ఇచ్చిన లైసెన్సు, దాని ఫీజు ఈ ఏడాదికి కట్టిన రసీదు, ఇనుప కట్టడం గట్టిగా ఉందని ఇంజనీరు ఇచ్చిన స్టెబిలిటీ సర్టిఫికెట్. లైసెన్సులో రాసిన కొలత, నిలబడి ఉన్న బోర్డు కొలత ఒకటేనా అని చూడండి. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో పెట్రోలు బంకు మీద కూలి పదిహేడు మంది ప్రాణాలు తీసిన హోర్డింగ్ 120 అడుగులకు 120 అడుగులు ఉంది. అక్కడ అనుమతించే గరిష్ఠ కొలత 40కి 40.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఐ.ఆర్.సి. 46 కూడా తెలిసుండాలి. జంక్షన్‌కి 100 మీటర్ల లోపు, పట్టణాల్లో చూపుకి అడ్డం రాని చోట అయితే 50 మీటర్ల లోపు, రోడ్డు పక్కన ప్రకటనలు పెట్టకూడదని అది చెబుతుంది. సిగ్నల్‌ని గానీ, దారి చూపే బోర్డులను గానీ కప్పేలా ఉన్న హోర్డింగ్ ఎంత బాగా కనపడినా వదిలేయండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో ముందు తీసేసేది దాన్నే.

కాగితాలు అడిగితే "మన ఊళ్లో అవన్నీ ఎవరు చూస్తారండీ" అనే ఏజెన్సీ దగ్గర నేను తీసుకోను. అడిగిన రోజు సాయంత్రానికే పంపినవాళ్లతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

5. రేటు లెక్క

రేటు నెలకు ఇంత అని చెబుతారు. దాన్ని చదరపు అడుక్కి మార్చుకుంటేనే రెండు బోర్డుల్ని పోల్చగలరు. లెక్క ఎలా వేయాలో చూపించడానికి ఒక ఊహ రేటు తీసుకుంటాను. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు బోర్డు అంటే 600 చదరపు అడుగులు. నెలకు 24,000 అన్నారనుకుందాం, చదరపు అడుక్కి 40 రూపాయలు పడింది. మూడు నెలలకు 72,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 12,960. ఫ్లెక్సీ ప్రింటింగ్ చదరపు అడుక్కి 12 చొప్పున 7,200. కట్టే కూలి, అంటే మౌంటింగ్, 2,500. మొత్తం 94,660. నెలకు సుమారు 31,550 అయింది. ప్రింటింగ్, మౌంటింగ్ బిల్లుల మీద జీఎస్టీ వేస్తే అది ఇంకా పైన. నోటితో చెప్పిన 24 వేలకీ, చేతిలోంచి పోయే డబ్బుకీ ఇంత తేడా ఉంటుంది. కాబట్టి "అన్నీ కలిపి ఎంత?" అనే అడగండి.

మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి) వెనక్కి వస్తుంది. కాంపోజిషన్‌ పథకంలో (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్న చిన్న వ్యాపారికి రాదు, అది పూర్తిగా ఖర్చే. బిల్లులో "ప్రకటన పన్ను" అని విడిగా ఒక వరుస కనిపిస్తే రసీదు అడగండి. 2016లో చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనల పన్నుని రాష్ట్ర జాబితా నుంచి, అంటే రాష్ట్రాలు వేయగల పన్నుల్లోంచి, తీసేసింది. చెల్లింపులో టీడీఎస్ (ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టాలా, పడితే ఎంత అన్నది మీ ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి.

బేరం ఎక్కడ ఆడాలంటే, నెల అద్దెలో కంటే మిగతావాటిలో సులభం. నెల రేటు తగ్గించమంటే బిగుసుకుంటారు. అదే మౌంటింగ్ ఉచితంగా చేయమనో, పదిహేను రోజులు అదనంగా ఇమ్మనో, ఊరి చివర ఖాళీగా ఉన్న చిన్న బోర్డు కలిపి ఇమ్మనో అడిగితే ఒప్పుకుంటారు. ఆషాఢం, మూఢం రోజుల్లో ఖాళీలు ఎక్కువ, అప్పుడు అద్దె కూడా తగ్గుతుంది. కొత్తవాళ్లు మొదటిసారే ఏడాదికి రాసుకోవద్దని నా సలహా. మూడు నెలలు చూసి పొడిగించుకోవచ్చు.

6. ఒప్పందంలో ఏం రాయించుకోవాలి

చాలామంది వాట్సాప్ మెసేజ్‌తోనే పని కానిస్తారు. కనీసం ఒక పేజీ వర్క్ ఆర్డరైనా రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టించుకోండి. చోటు పేరు, ముఖం ఎటువైపు, కొలత, లైట్లు ఉన్నదీ లేనిదీ, లైట్లు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలదాకా వెలగాలి, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి మామూలుగా ఉండాల్సినవే. గొడవలు వచ్చేది వేరేచోట.

మొదటిది, అద్దె ఏ తేదీ నుంచి? బిల్లు తేదీ నుంచి లెక్కపెడతామంటారు. ఫ్లెక్సీ కట్టి, ఫోటో పంపిన రోజు నుంచే అని రాయించండి. ప్రింటింగ్ ఆలస్యంతో వారం పోవడం మామూలే.

రెండోది, మీ బోర్డు మీద ఇంకొకరి ఫ్లెక్సీ. నాయకుడి పుట్టినరోజో, ఊరేగింపో, గుడి తీర్థమో వస్తే మన ఊళ్లలో రాత్రికి రాత్రే సెంటర్లో బోర్డుల మీద శుభాకాంక్షల ఫ్లెక్సీలు వెలుస్తాయి. కట్టినవాళ్లతో మీరు వెళ్లి గొడవపడే పరిస్థితి ఉండదు, పడకూడదు కూడా. అందుకే ఆ పూచీ ఏజెన్సీ మీద ఉండాలి. 24 గంటల్లో తీయించాలి, కప్పబడి ఉన్న ప్రతి రోజుకీ రెండు రోజులు కలపాలి అని నేను రాయించుకుంటాను. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అధికారులు బోర్డు మూయించినా ఆ రోజులు తర్వాత కలిపి ఇవ్వాలని రాయండి.

మూడోది, తుపాను. ఫ్లెక్సీ దించిన రోజుల అద్దె ఎవరిది? చిరిగితే కొత్త ప్రింట్ ఎవరిది? కట్టడం కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఏజెన్సీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉందా? ఇవి వానలకు ముందే తేలాలి.

గడువు ముగిసినప్పుడు కొనసాగించే మొదటి అవకాశం మీకే ఇవ్వాలని, మీ పోటీ షాపు బోర్డు అదే కట్టడం మీద పక్కనే పెట్టకూడదని కూడా చేర్చండి. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

7. గాలి సంగతి

సముద్రానికి ఇంత దగ్గరలో ఉంటూ దీన్ని తేలిగ్గా తీసుకోవడం తప్పు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఏం చేసిందో మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది.

మన తీరప్రాంతంలో కట్టడాల డిజైన్‌కి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. 20కి 10 అడుగుల చిన్న బోర్డు మీదే అది 2.8 టన్నులు. 30కి 20 బోర్డు మీద 8 టన్నులు దాటుతుంది. ఒక లారీ బరువు అడ్డంగా తోస్తున్నట్టు. పాత మేడ మీద నాలుగు బోల్టులతో నిలబడ్డ ఫ్రేము ఆ తోపుని ఎలా ఆపుతుంది?

మీరు ఇంజనీరు కాకపోయినా చూడగలిగినవి ఉన్నాయి. ఫ్రేము కాళ్ల దగ్గర తుప్పు పొరలుగా లేస్తోందా? ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము త్వరగా పోతుంది. వెనకవైపు ఏటవాలు ఆసరాలు ఉన్నాయా? పునాది కాంక్రీటు పగిలిందా? బోర్డు కింద ఆటో స్టాండో, కూరగాయల కొట్లో ఉన్నాయా? ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. మీ పేరున్న ఫ్లెక్సీ కింద ఆ మనుషులు పొద్దంతా కూర్చుని ఉంటారు.

తుపాను హెచ్చరిక రాగానే ఫ్లెక్సీ దించమని ఏజెన్సీకి మెసేజ్ పెట్టండి. ఫ్లెక్సీ లేని ఫ్రేములోంచి గాలి దూసుకుపోతుంది, బోర్డు బతుకుతుంది.

8. మ్యాటర్ తక్కువగా ఉండాలి

కంప్యూటర్ తెర మీద డిజైన్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇలా పరీక్షించండి. 30 అడుగుల బోర్డుని 200 అడుగుల దూరం నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో, చేయి చాచి పట్టుకున్న విజిటింగ్ కార్డు వెడల్పు అంతే కనిపిస్తుంది. కాబట్టి డిజైన్‌ని 9 సెంటీమీటర్ల వెడల్పుతో ప్రింట్ తీసి, చేయి చాచి పట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి. ఆరేడు సెకన్లలో షాపు పేరు, ఏం అమ్ముతారు, ఎక్కడ అన్నవి చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే డిజైన్ మార్చాల్సిందే.

అక్షరానికి పాత లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. 200 అడుగుల నుంచి హాయిగా చదవాలంటే 20 అంగుళాల అక్షరం కావాలి. తెలుగుకి అది కూడా చాలదు. మనకు కింద వత్తులు, పైన గుడులు, కొమ్ములు ఉన్నాయి. "స్త్రీ", "క్లినిక్", "జ్యూయలర్స్" లాంటి మాటల్లో వత్తు అసలు అక్షరంలో సగం సైజు కూడా ఉండదు. వరుసల మధ్య ఖాళీ లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో కలిసిపోతాయి. కాబట్టి మందపాటి, సాదా ఫాంట్ తీసుకోండి. నీడలు, బంగారు మెరుపులు వద్దు. నా అనుభవంలో మూడు వరుసలు, ఏడెనిమిది మాటలు దాటితే ఎవరూ చదవడం లేదు.

నాలుగు బ్రాంచీల అడ్రసులు, మూడు ఫోన్ నంబర్లు పెట్టకండి. "గడియార స్తంభం పక్కన" అన్న ఒక్క మాట డోర్ నంబరు కంటే బాగా దారి చూపిస్తుంది.

హీరోయిన్ ఫోటో గూగుల్‌లోంచి తీసి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అనుమతి లేకుండా పెడితే నోటీసు వస్తుంది, పెట్టొద్దు. "నూటికి నూరు శాతం నయం", "గ్యారంటీ ర్యాంకు" లాంటి మాటలూ రాయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాల్సిన వెంచర్‌ని నమోదు కాకముందే ప్రకటించకూడదు.

ప్రింట్‌కి ఇచ్చే ముందు ఏ మెటీరియల్‌కి అనుమతి ఉందో మునిసిపాలిటీలో అడగండి. రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని 2022 ఆగస్టులో ప్రకటించి, నవంబరు 1 అని ఒకసారి, 2023 జనవరి 26 అని ఒకసారి గడువు పెట్టారు. గుడ్డ మీద ప్రింటింగ్ రేటు కూడా తీసి ఉంచుకుంటే మంచిది.

9. కట్టే రోజు అక్కడ ఉండండి

మామూలుగా రద్దీ తగ్గాక, రాత్రి పదీ పదకొండు మధ్య కడతారు. చుట్ట చుట్టిన ఫ్లెక్సీని ఇద్దరు భుజాల మీద మోసుకొస్తారు. ఒకడు పైకెక్కి తాడు వదులుతాడు, కిందివాడు పై అంచు కడతాడు, మెల్లగా లాగుతూ విప్పుతారు. నాలుగు అంచులా ఉన్న రింగుల్లోంచి తాడు దూర్చి ఫ్రేముకి బిగిస్తారు. అప్పుడు కింద నిలబడి చూస్తే ఎక్కడ ముడత ఉందో, ఏ మూల వదులైందో తెలుస్తుంది. వెంటనే చెప్పండి. తెల్లారాక చెబితే మళ్లీ ఎక్కడానికి ఎవరూ రారు. గాలి పోవడానికి అక్కడక్కడ అర్ధచంద్రాకారంలో బ్లేడుతో కోస్తారు, ఆ కోతలు ఫోన్ నంబరు మీద పడకుండా చూసుకోండి.

దానికంటే ముందు కరెంటు తీగలు చూడండి. 2024 నవంబరులో మన డెల్టాలోనే, ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి నలుగురు యువకులు చనిపోయారు. తీగలు దగ్గరగా ఉంటే సరఫరా ఆపించేదాకా కట్టనివ్వకండి. వాన పడుతుంటే కట్టనివ్వకండి. ఎక్కే కుర్రాడికి బెల్టు లేకపోతే తెప్పించమని గట్టిగా అడగండి. ఒక రోజు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు. ఎక్కేవాడు మీ మనిషి కాకపోయినా ఎక్కుతున్నది మీ బోర్డు కోసం.

10. కట్టాక

పగలు ఒకటి, రాత్రి లైట్లతో ఒకటి తేదీతో ఉన్న ఫోటోలు తీసుకోండి. వారానికోసారి ఏజెన్సీ అలాంటివి పంపాలి. మీరు కూడా నెలకు రెండుసార్లు చెప్పకుండా రాత్రిపూట అటు వెళ్లి రండి. నాలుగు లైట్లలో రెండే వెలుగుతుంటే ఫోటో తీసి పంపి, అద్దెలో తగ్గించమనండి.

పని చేస్తోందో లేదో తెలియడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. బోర్డు మీద షాపు నంబరు కాకుండా వేరే నంబరు వేయండి. దానికి వచ్చే ఫోన్లన్నీ బోర్డు చూసి వచ్చినవే. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, బిల్లు వేసేటప్పుడు "మా షాపు సంగతి ఎలా తెలిసిందండీ?" అని అడిగి రాయించండి. మా దగ్గర రెండో బోర్డు పెట్టిన మూడు నెలల్లో నల్ల వంతెన పేరు చెప్పినవాళ్లే ఎక్కువ. వాళ్లు కొన్న మొత్తాన్ని అద్దె పక్కన పెట్టి చూశాకే ఇంకో ఆరు నెలలు పొడిగించాను. మూడు నెలలు దాటితే రోజూ చూసేవాళ్ల కంటికి అదే బొమ్మ ఆనడం మానేస్తుంది. పొడిగిస్తే కొత్త డిజైన్ వేయించండి.

సెంటర్లో సొంత మేడ ఉన్నవాళ్లకు

బోర్డు పెట్టుకుంటామని మీ ఇంటికే ఏజెన్సీ వస్తే, స్లాబు ఆ బరువు, ఆ గాలి తోపు మోస్తుందో లేదో మీ ఇంజనీరుతో చూపించుకున్నాకే మాట ఇవ్వండి. లైసెన్సు, ఇన్సూరెన్సు, తీసేటప్పుడు చిల్లులు పూడ్చి లీకేజీ లేకుండా చేసే బాధ్యత వాళ్లదే అని రాయించండి. ఒప్పందం రిజిస్టర్ చేయించండి.

గడువు ముగిశాక

దించిన ఫ్లెక్సీ మీ సొత్తే, అడిగి తెచ్చుకోండి. కాలువలో పడేయనివ్వొద్దు, తగలబెట్టనివ్వొద్దు. 600 చదరపు అడుగుల ఫ్లెక్సీని నాలుగు ముక్కలు చేస్తే కళ్లంలో ధాన్యం రాశుల మీద కప్పడానికి సరిగ్గా సరిపోతుంది. కోతల్లో వాన మబ్బు కనిపిస్తే బరకాలకి ఎంత కటకటగా ఉంటుందో మనకు తెలుసు. మా పాత బోర్డు ముక్కలు రెండేళ్లుగా మా ఊరి రైతుల దగ్గరే ఉన్నాయి.